చావు వేషం వేయని మావయ్య

మావయ్య పోయాడన్న కబురు మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చింది. ఆయన పక్కింట్లో ఉండే మలయ్ పెద్దావిడ, మేమంతా మక్‌చిక్ అని, వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు పిలుస్తాం, ఫోన్ చేసి చెప్పింది. అరటిపండు బజ్జీలు వేసి పట్టుకెళ్ళిందట. వరండాలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడట. పిలిస్తే పలకలేదట. మలేషియాలో ఈ సుంగై పెటాని ఊళ్ళో మా ఇంటినుంచి ఆయన ఇంటికి నడిచి వెళ్ళేంత దూరమే. వెళ్ళాను, చెయ్యి పట్టుకుని చూశాను. డాక్టరు వచ్చి అవునన్నాక ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మకు ఎనభై ఎప్పుడో దాటాయి. మావయ్య ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. అన్నంలో చెయ్యి అలాగే పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"సరిగ్గా సూసినావేటి?" అంది. "ఏసమేమో."

వేషం కాదమ్మా, డాక్టరు కూడా చూశాడు అన్నాను. ఆమె కంచం పక్కకు జరిపింది. పోయిన మనిషి గురించి ఎవరైనా అలా అడుగుతారా అని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో అది అడగాల్సిన మాటే. ఎందుకో చెబుతాను.

మావయ్య ఇంగ్లండులో నటుడు. నాటకాల్లోనూ సినిమాల్లోనూ యాభై ఏళ్ళు అదే పని చేశాడు. మీలో పాత ఇంగ్లీషు సినిమాలు చూసినవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు, చూసినట్టు మీకే గుర్తుండదు. హోటల్లో తాళంచెవి అందించే గుమస్తా, రైలు పెట్టెలో కిటికీ పక్కన పేపరు చదివే పెద్దమనిషి, హీరో తల్లి నాడి చూసి తల ఊపే డాక్టరు, అన్నీ ఆయనే. పేరు రాయను. పోస్టరులో పట్టడం లేదని అక్కడివాళ్ళు దాన్ని సగానికి కోసేశారు. ఆ సగం పేరుకి మాకు నోరు తిరగదు. నిండుపేరు పెట్టి పిలిచేవాళ్ళలో ఇక మిగిలింది అమ్మ ఒక్కతే.

ఆయన పుట్టింది బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో, లైన్లు అని పిలిచే కూలీల వరస ఇళ్ళలో. అమ్మమ్మ తెల్లవారకముందే రబ్బరు పాలకోసం చెట్లు గీయడానికి వెళ్ళేది. వెనకాల అమ్మ, అమ్మ వేలు పట్టుకుని మావయ్య. మంచు దిగి ఉండేదట, పక్క చెట్టు కూడా కనబడేది కాదట. పిల్లాడు తప్పిపోకుండా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమనేది అమ్మమ్మ. వాడు పులిలా మాట్లాడేవాడు, దొరగారి కుక్కలా మొరిగేవాడు, ఎస్టేటు గుమస్తా అయిన క్రాణిలా అందరి పేర్లూ పిలిచి హాజరు వేసేవాడు. మంచులోంచి ఆ గొంతులు మాత్రం వచ్చేవట. ఆయన నటన అక్కడే మొదలైందని నేను అనుకుంటాను. ఆయన్నడిగితే మాత్రం, "నటనా ఏటీ, ఆకలేసి అరిసేవాణ్ణి" అనేవాడు.

ఆ రోజుల్లో ఇక్కడి పిల్లలు చాలామంది నర్సు చదువుకు ఇంగ్లండు వెళ్ళేవారు. తిండీ బసా ఆసుపత్రివాళ్ళే ఇచ్చేవారు. మావయ్యా అలాగే వెళ్ళాడు. పండగపూట రోగుల కోసం సిబ్బంది వేసిన నాటకంలో ఎవరికో జ్వరమొస్తే ఆ వేషం ఈయనకు తగిలించారు. కాలు విరిగి ఆ వార్డులో పడుకున్న ఒకాయన ఊరూరా తిరిగే నాటకాల కంపెనీ నడిపేవాడు. నీ గొంతు చివరి మంచం దాకా వచ్చిందయ్యా అని చెప్పి, కాలు బాగుపడగానే ఈయన్ని వెంటబెట్టుకుపోయాడు. మొదట కుర్చీలు మోయడం, వేషాల బట్టలు ఇస్త్రీ చేయడం. ఇస్త్రీ చేస్తూనే అందరి పాఠాలూ కంఠతా పట్టేవాడు. ఆ బట్టలు కుట్టే ఇంగ్లీషమ్మాయే మా అత్తయ్య అయింది. ఆవిడ ఈయనకంటే చాలా ముందే చనిపోయింది.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మావయ్య మొదటి సినిమా కౌలాలంపూర్‌కి వచ్చింది. మన పిల్లాడు తెరమీదికెక్కాడని క్రాణి ఎవరెవరినో పట్టుకుని ఆ రీళ్ళు ఎస్టేటుకి తెప్పించాడు. ఫుట్‌బాల్ మైదానంలో వెదుళ్ళు పాతి తెల్లగుడ్డ కట్టారు. పొద్దుగూకేసరికి లైన్లన్నీ ఖాళీ. మాటలు ఎవరికీ అర్థం కాలేదు. ఓడ, సముద్రం, తెల్లవాళ్ళు. ఉన్నట్టుండి మావయ్య వచ్చాడు. తెల్లటోపీ పెట్టుకుని, ఓడలో వంటవాడిగా రొట్టెల పిండి కలుపుతున్నాడు. మైదానమంతా ఈలలు. ఆ ఈలలు ఆగకముందే ఎవడో తలుపు తోసుకొచ్చి తుపాకీతో కాల్చాడు. మావయ్య పిండిబస్తా మీదికి ఒరిగిపోయాడు.

అమ్మమ్మ లేచింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకుంది. కొడుకు ముఖం ఆమె చీరమీదా చేతులమీదా పడింది. ఆమె దాన్ని నిమురుతోంది, ముఖానికంటిన పిండి తుడుస్తోందని నేననుకున్నాను. గాలికి తెర ఉబ్బి తగ్గుతుంటే ఆయన ఊపిరి తీస్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళయినా మధ్యాహ్నం వాన పడుతున్నప్పుడు కాస్త కునుకు పట్టిందంటే నాకు ఆ తెర కనబడుతుంది. దాన్ని చూసింది నిద్రలోనో మెలకువలోనో ఒక్కోసారి తేల్చుకోలేను.

వేషమే అని ఎందరు నచ్చజెప్పినా అమ్మమ్మ వినలేదు. నా కళ్ళతో నేను చూశాను కదా అంది. మర్నాడు తలస్నానం చేసి ఇంటిల్లిపాదికీ చేయించింది. మైల పట్టింది. ఎవరి గుమ్మమూ తొక్కలేదు, పొయ్యి వెలిగించలేదు. పక్కవాళ్ళు పెట్టిన ముద్ద ముట్టలేదు. చివరికి క్రాణి ఎస్టేటు ఆఫీసునుంచి ఇంగ్లండుకి ఫోను కలిపించి ఆమె చెవి దగ్గర పెట్టాడు. కొడుకు గొంతు విని, ఏడ్చి, అప్పుడు ఇంత అన్నం తింది. కానీ బతికున్న కొడుకుకి మైల పట్టానన్న భయం మాత్రం ఆమెను పట్టుకునే ఉంది.

మరుసటి ఏడు మావయ్య సెలవుకి వచ్చాడు. అమ్మమ్మ ఆయన్ని గడప దాటనివ్వలేదు. వాకిట్లో నిలబెట్టి పసుపునీళ్ళు పోసింది. పురిటిబిడ్డను పడుకోబెట్టే చేట తెచ్చి, అందులో కాలు పెట్టమని, చెవిలో పేరు పిలిచి, మళ్ళీ కన్నట్టు కన్నది. అంత మనిషి, లండన్ కోటు విప్పేసి, తడిసి ముద్దై చేటలో ఒంటికాలిమీద ఊగుతుంటే పిల్లలం పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వాడు. అప్పుడు అమ్మమ్మ ఆయన చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది.

"సచ్చే ఏసం ఇంకెప్పుడూ ఎయ్యకు," అంది. "నా మీద ఒట్టు."

ఆయన ఒట్టు వేశాడు. అమ్మ పక్కనే నీళ్ళ బిందెతో నిలబడి ఉంది.

ఒట్టు సంగతి మీకు తెలియనిది కాదు. ఎవరు వేయించుకున్నారో వాళ్ళే తీయాలి, తీసి గట్టున పెట్టానని నోటితో అనాలి. అప్పటిదాకా అది కట్టేసినట్టే. మా వాళ్ళు సముద్రం దాటి వస్తూ చాలా వదిలేశారు, తర్వాత ఇంకా చాలా మరిచిపోయారు. మా పిల్లలకు తమిళం వచ్చినంతగా తెలుగు రాదు. ఒట్టు మాత్రం ఎవరూ వదల్లేదు.

మీరే చెప్పండి, నటుణ్ణి పట్టుకుని చావొద్దంటే ఎలా? అక్కడి నాటకాల్లో పెద్ద వేషాలన్నీ చివరికి చచ్చేవే. రాజు చస్తాడు, రాజును చంపినవాడూ చస్తాడు. సినిమాల్లోనైతే మన రంగువాడు అందరికంటే ముందు చస్తాడు. అవన్నీ మావయ్య వద్దన్నాడు. కారణం అడిగితే దాచేవాడు కాదట, మా అమ్మకిచ్చిన మాట అని చెప్పేవాడట. కొందరు దర్శకులు నవ్వేవారు, కొందరు మర్యాదగా తలుపుదాకా సాగనంపేవారు. ఇక మిగిలినవి బతికి బయటపడే వేషాలు, నవ్వించే వేషాలు. వాటిలో ఆయన అందెవేసిన చెయ్యి అయ్యాడు. సముద్రపుటొడ్డు ఊళ్ళలో ఆయన పేరు చూసి టిక్కెట్టు కొనేవాళ్ళుండేవారు. "అమ్మ నన్ను సావనియ్యలేదు, ఏటి సేత్తాను, నవ్వించడం నేర్సుకున్నాను," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

ఒక్క వేషం మాత్రం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. యాభై దాటాక వచ్చింది. కొత్త నాటకం. సముద్రంలో దీపస్తంభం కాపలా కాసే ముసలివాడు. నాటకమంతా అతనే. చివర్లో దీపం పక్కనే కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ ప్రాణం వదులుతాడు. ఈ వేషం నీకోసమే రాశాను అన్నాడట రాసినాయన. మావయ్య రాత ప్రతి తెచ్చుకుని, ఇంట్లో ఉన్న బట్టలన్నీ మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేస్తూ మొత్తం నేర్చేసుకున్నాడు. అప్పుడు అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మమ్మను అడగమన్నాడు, ఒక్కసారికి ఒట్టు తీయమని. తానే అడిగితే ఆమె ఏడుస్తుంది, నువ్వయితే నెమ్మదిగా చెప్పగలవు అన్నాడు.

అమ్మ అడగలేనంది. అడిగితే మన అమ్మకు మళ్ళీ ఆ తెర కనబడుతుంది తమ్ముడా అంది. ఆయన సరే అప్పా అన్నాడు, అక్కను మేం అప్ప అనే పిలుస్తాం. ఆ వేషం ఇంకొకాయన వేశాడు. దానితోనే పెద్దవాడైపోయాడు. మావయ్య వెళ్ళి వెనక వరసలో కూర్చుని చూసి, బాగా చేశాడని అమ్మకు ఫోన్లో చెప్పాడట. ఇదంతా అమ్మ నాకు చెప్పింది చాలా ఏళ్ళ తర్వాత. చెబుతూ, ఆ పొద్దు ఫోను పెట్టేశాక లేవలేకపోయానే అంది.

ఎస్టేటులో రబ్బరు కొట్టేసి పామాయిల్ చెట్లు వేశారు, లైన్లు పడగొట్టారు. అమ్మమ్మ సుంగై పెటానిలో మా దగ్గరికి వచ్చేసింది. కొన్నాళ్ళకు ఆమెకు మనుషులు గుర్తులేకుండా పోయారు. మావయ్య నెల సెలవు పెట్టుకుని వచ్చాడు. ఒట్టు తీయమని అడగడానికే వచ్చాడని అమ్మకూ నాకూ తెలుసు. అమ్మమ్మ ఆయన్ని చూసి ఎస్టేటు ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు అనుకుంది. ఆయన కాదనలేదు. పాత నర్సే కదా, స్నానం చేయించేవాడు, తల దువ్వేవాడు, గంజి తాగించేవాడు. ఒక ఉదయం నేను కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్నాను. గంజి తాగుతూ అమ్మమ్మ ఆయన చొక్కా పట్టుకుని చూసింది.

"నా కొడుకూ నీలాగే ఇత్తిరీ బట్టలేత్తాడు," అంది. "లండన్లో ఏసాలేత్తాడు. సచ్చే ఏసం మాత్రం ఎయ్యడు. నాకు మాటిచ్చినాడు."

మావయ్య ఆమె మూతి తుడిచి, మంచి కొడుకమ్మా అన్నాడు. మిగిలిన గంజి తాగించాడు. ఆ నెలంతా ఇంకేమీ అడగలేదు. ఆ ఏడు వానలు వెళ్ళకముందే అమ్మమ్మ పోయింది. ఒట్టు అలాగే ఉండిపోయింది. ఇక తీసేవాళ్ళు లేరు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, అత్తయ్య పోయాక, ఆయన ఇక్కడికే వచ్చేశాడు. మక్‌చిక్ పక్క ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని కాఫీ కొట్టుకి వెళ్ళేవాడు. అక్కడి ముసలాళ్ళు ఆయన్ని బ్యాంకులో చేసి రిటైరైనవాడనుకునేవారు, ఈయన అలాగే అనుకోనిచ్చాడు. వాళ్ళకోసం వడ్డీరేట్ల గురించి చదువుకుని మరీ వెళ్ళేవాడు, చూడండి ఆ మనిషి చోద్యం. మా అమ్మాయి సైబర్‌జయలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే. మావయ్యతో ఫోన్లో అలాగే మొదలుపెట్టింది. నాకు ఇంగిలీసు రాదమ్మా అన్నాడాయన. యాభై ఏళ్ళు ఇంగ్లీషులో బతికిన మనిషి, మొహం అమాయకంగా పెట్టి, ఆ మాటమీదే నిలబడ్డాడు. పాపం అది నానా తంటాలు పడి తెలుగు మాట్లాడింది, ఇప్పటికీ మాట్లాడుతోంది.

ఆయన తెలుగు ఇక్కడ ఇంకెవరికీ లేదు. మేం తమిళం, మలయ్ కలిపేసుకుంటూ ముందుకొచ్చేశాం. ఆయనది చిన్నప్పుడు ఎస్టేటులో విన్నది విన్నట్టే ఉండిపోయింది. ఆయన వరండాలో మాట్లాడుతుంటే నేను లోపల కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని. పడగొట్టేసిన లైన్లలో చనిపోయిన ఆడవాళ్ళంతా వాకిళ్ళు ఊడుస్తూ మాట్లాడుకుంటున్నట్టుండేది.

నేను బడి ఉద్యోగం మానేశాక ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఆయన వచ్చి వెనక కుర్చీలో కూర్చుని పిల్లల చేత గట్టిగా చెప్పించేవాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా దానికీ వినబడాలి అనేవాడు. కిందటేడు ఉగాదికి నేనొక చిన్న నాటకం రాశాను. ఎస్టేటు లైన్లు పడగొట్టే రోజు. సామానంతా లారీకెక్కించాక, నులకమంచం మీద కూర్చున్న తాత చెట్లతో నాలుగు మాటలు చెప్పి చనిపోతాడు. తాత వేషం మావయ్య వేస్తానన్నాడు. ఇంగ్లండులో యాభై ఏళ్ళు వేసినవాడు తెలుగులో ఒక్కసారైనా వేయలేదు, అదీ ఆయన కోరిక. రాసింది చదివి చాలా బాగుందన్నాడు. చివర్లో తాతను లారీ ఎక్కించెయ్యమ్మా అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. అయినా నాకు కోపం వచ్చింది. తాత లారీ ఎక్కి వెళ్ళిపోతే ఇక నాటకమెక్కడుంది మావయ్యా అన్నాను. ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేశాడు. చివరికి మధ్యేమార్గం చూసుకున్నాం. తాత మంచం మీద కూర్చునే ఉంటాడు, దీపాలు మెల్లగా ఆరిపోతాయి, ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకుంటారు. అభ్యాసం చేస్తున్నప్పుడు ఆ చోటుకి వచ్చేసరికి ప్రతిసారీ ఆయన నడుము తనంతట తానే ఒంగేది. ఆయన దాన్ని లాగి నిటారుగా నిలబెట్టేవాడు. చూడలేక నేను కాగితాల్లో తల దూర్చేదాన్ని.

ఉగాది రోజు తెలుగు సంఘం హాలు నిండింది. అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టాను. నేను వేదిక పక్కన పాఠం అందించడానికి నిలబడ్డాను, దీపాలు ఆర్పే కుర్రాడికి సైగ కూడా నేనే చేయాలి. మావయ్య చెట్లతో మాట్లాడాడు. గొంతు పెంచలేదు. ఫోన్లు చూసుకుంటున్న కుర్రకారు కూడా తలెత్తారు. వాళ్ళకు సగం మాటలు తెలియవు, అయినా ఎవరూ కదల్లేదు. మాటలు అయిపోయాయి. ఆయన మంచం మీద కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు. నడుము ఒంగబోయింది. నిటారుగా లాక్కున్నాడు. మళ్ళీ ఒంగబోయింది.

అమ్మ లేచింది. ఆపుదామని చెయ్యి చాచాను, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఆమె మెట్టు పట్టుకుని పైకెక్కి, మెల్లగా వెళ్ళి, మంచం మీద తలవైపు కూర్చుంది. నాటకంలో భాగమే అనుకున్నారు జనం.

"ఎంతసేపలా కూకుంతావు," అంది. "తొంగో తమ్ముడా."

ఆయన ఎదురుగా చూస్తూనే, మా ఇద్దరికి మాత్రం వినబడేంత చిన్నగా, "ఒట్టు, అప్పా," అన్నాడు.

"ఆయేల నువ్వడిగితే నాను అమ్మనడగలేదు," అంది అమ్మ. "ఇయ్యేల నానే తీసినాను. తీసి గట్టునెట్టినాను. అమ్మకి నాను సెప్పుకుంతాను. నువ్వు తొంగో."

ఆయన తల తిప్పి అక్కను చూశాడు. ఆ చూపు నాటకంలోది కాదు. తర్వాత నెమ్మదిగా ఒరిగి ఆమె ఒడిలో తల పెట్టుకున్నాడు. గుండె పట్టుకోలేదు, దగ్గలేదు. ఊపిరి వదిలాడు. చాలాసేపు ఆగి ఇంకొకటి తీసుకున్నాడు, చిన్నది. అది కూడా వదిలేశాక ఇక తీసుకోలేదు. చెయ్యి ఒకటి మంచం పట్టె మీదినుంచి జారి కిందికి వేలాడింది. జీవితమంతా దాచుకున్న పని అంతసేపే పట్టింది.

దీపాలకు సైగ చేయడం నేను మరిచిపోయాను. వెలుతురు అలాగే ఉంది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. అమ్మ పమిట అంచు ఎగిరి ఆయన తెరిచిన కళ్ళకు తగులుతోంది, తొలగుతోంది, మళ్ళీ తగులుతోంది. అమ్మ వంగి, ఇక లెగు తమ్ముడా అనేదాకా ఆయన రెప్ప కదల్లేదు.